కొత్త బ్యాటరీ వేసినా బ్యాటరీ లైట్ వెలుగుతుంటే ఆల్టర్నేటర్ కొనే ముందు ఈ కొలత తీయండి

కొత్త బ్యాటరీ వేసినా రాత్రి హెడ్‌లైట్లు, ఏసీ కలిపి వేస్తే బ్యాటరీ గుర్తు మసకగా వెలుగుతోందని, ఒక్కోసారి ఏబీఎస్ (బ్రేకులేస్తే చక్రాలు పట్టేయకుండా చూసేది), స్టీరింగ్ లైట్లు కూడా వస్తున్నాయని, మెకానిక్ ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసేది) మార్చమంటున్నాడని రాశారు. అప్పుడే కొనకండి. నా పాత కారులో అచ్చం ఇవే లక్షణాలు కనిపించాయి, తీరా చూస్తే ఆల్టర్నేటర్ బాగానే ఉంది, దాని నుంచి బ్యాటరీకి వెళ్లే లావు వైరే దెబ్బతింది.

అన్ని లైట్లూ ఒకేసారి వచ్చాయని టెన్షన్ పడకండి. వోల్టేజి పడిపోతే ఏబీఎస్, ఎలక్ట్రిక్ స్టీరింగ్ లాంటివి వాటిలో ఏ లోపమూ లేకపోయినా లైట్ వేస్తాయి.

మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.5 (కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగ్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి హెడ్‌లైట్లు వేసే కొలవండి). 15 దాటితే ఆల్టర్నేటర్ వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ని అనుమానించాలి. 13 కూడా రాకపోతే చాలామంది అక్కడితో ఆగి ఆల్టర్నేటర్ పోయిందని తేల్చేస్తారు, నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, బెల్ట్‌కి చెయ్యి తగలకుండా చూసుకుంటూ, మీటరు ఎర్ర ప్రోబు ఆల్టర్నేటర్ వెనక లావు బోల్టు మీద, నల్లది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. 0.2 వోల్టుకు అటూఇటూగా ఉంటే వైరు బాగున్నట్టే. నా బండిలో ఒక వోల్టు పైనే చూపించింది, అంటే ఆల్టర్నేటర్ ఇస్తున్నదంతా బ్యాటరీకి చేరడం లేదు. బోల్టు దగ్గరి లగ్ (వైరు చివరి రింగు) లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది, అది మార్పించాక లైట్ మళ్లీ రాలేదు. పాత పద్ధతి వైరింగులో ఆ బల్బుకు ఒక వైపు ఆల్టర్నేటర్, రెండో వైపు బ్యాటరీ ఉంటాయి, రెండింటి వోల్టేజిలో కాస్త తేడా వస్తే మసకగా వెలుగుతుంది. అందుకే మీరు మసకగా అనగానే నాకు వైరు మీదే అనుమానం వచ్చింది.

ఎర్త్ కూడా ఇలాగే, ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూడండి. రెండూ బాగుండి ఛార్జింగ్ తక్కువే ఉంటే అప్పుడు ఆల్టర్నేటర్ విప్పించండి, బ్రష్‌లో డయోడ్లో పోయి ఉంటాయి.

ఆల్టర్నేటర్ వెనక ఆ లావు బోల్టు మీద స్పానర్ పెట్టే ముందు ఇంజిన్ ఆపి బ్యాటరీ మైనస్ తీసేయాలి. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం టెర్మినల్ పీకి పరీక్షిస్తామంటే ఎవర్నీ చెయ్యనివ్వకండి, వోల్టేజి ఎగసి కంప్యూటర్లు కాలిపోవచ్చు. దారిలో బ్యాటరీ లైట్‌తో పాటు ఇంజిన్ వేడి కూడా పెరుగుతుంటే బెల్ట్ తెగి ఉండొచ్చు, చాలా కార్లలో వాటర్ పంపు కూడా దాని మీదే తిరుగుతుంది, కాబట్టి వెంటనే పక్కకు ఆపేయండి.