తోడేళ్లను పట్టుకోకుండా లెక్కించే శాస్త్రం: ఏం చదవాలి?

ప్రశ్న: నేను బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. తోడేళ్లను బంధించకుండా, మత్తు ఇవ్వకుండా, వాటి మలం, వెంట్రుకల నుంచి డీఎన్‌ఏ తీసి సంఖ్యను అంచనా వేసే రంగంలో పనిచేయాలని ఉంది. ఏ పీజీ చేయాలి? అడవిలో తిరిగే ఓపిక ఉంటే సరిపోతుందా?

జవాబు: ఆ ఓపిక అవసరమే కానీ, దానితో సరిపోదు. నమూనాలను శిక్షణ పొందిన అటవీ సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు కూడా సేకరించగలరు. వారు తెచ్చిన, సగం పాడైపోయిన కొద్దిపాటి డీఎన్‌ఏ నుంచి నమ్మదగిన జవాబు రాబట్టడమే ఈ రంగంలో అసలు కష్టం. అందువల్ల మీరు మాలిక్యులర్ జెనెటిక్స్ గానీ, వన్యప్రాణి జన్యుశాస్త్రానికి ప్రాధాన్యమిచ్చే పీజీ గానీ ఎంచుకుని, దానితో పాటు స్టాటిస్టిక్స్‌ను కూడా అంతే శ్రద్ధగా నేర్చుకోవాలని నా సలహా.

ఎందుకంటే, తోడేలు మలంలో ఎక్కువ భాగం అది తిన్న జంతువు అవశేషాలు, బ్యాక్టీరియాయే. తోడేలు సొంత కణాలు పేగు గోడ నుంచి రాలి, మలం పైపొరకు అంటుకుని బయటికి వస్తాయి. అందుకే చేతికి గ్లవ్స్ వేసుకుని, పైభాగం నుంచి చిన్న ముక్కను మాత్రమే తీసి ఇథనాల్ ఉన్న ట్యూబులో వేస్తారు. ఎండ, వాన, వేడి ఆ కణాలను త్వరగా పాడుచేస్తాయి కాబట్టి, చలికాలంలో తాజాగా దొరికిన నమూనాలే సాధారణంగా మంచి ఫలితమిస్తాయి.

ల్యాబ్‌లో మొదట తేల్చాల్సింది అది తోడేలుదా, కుక్కదా, నక్కదా అన్నది. ఇందుకు వాడే మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. ఆడ తోడేలుకు మగ కుక్క వల్ల పుట్టిన సంకర జంతువును ఈ ఒక్క పరీక్షతో చూస్తే అచ్చమైన తోడేలులాగే కనిపిస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏలోని గుర్తులనూ చూస్తేనే ఆ సంకరం బయటపడుతుంది.

తర్వాత ఒక్కో జంతువును విడిగా గుర్తించడానికి మైక్రోశాటిలైట్లు (డీఎన్‌ఏలో చిన్న ముక్క పదే పదే పునరావృతమయ్యే చోట్లు), లేదా ఇటీవల ఎక్కువవుతున్న ఎస్‌ఎన్‌పీ గుర్తులు (ఒక్క అక్షరం తేడా ఉండే చోట్లు) వాడతారు. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. ఒక స్థానంలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు వేర్వేరు రూపాలు ఉన్నా, డీఎన్‌ఏ బలహీనంగా ఉంటే, దాన్ని లక్షల నకళ్లుగా పెంచే పీసీఆర్ ప్రక్రియలో ఒకటే పెరిగి, రెండోది కనిపించకుండా పోవచ్చు. అప్పుడు ఒకే తోడేలు రెండు నమూనాల్లో రెండు వేర్వేరు తోడేళ్లుగా నమోదై, లేని జంతువులు లెక్కలో చేరతాయి. అందుకే ఒకే నమూనాను పలుమార్లు విడివిడిగా పరీక్షించి సరిపోల్చే పద్ధతిని 1996లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియర్ టాబర్లే బృందం ప్రతిపాదించింది; ఈ రంగంలో అడుగుపెట్టేవారు మొదట అర్థం చేసుకోవాల్సిన విషయం ఇదేనని నా గట్టి అభిప్రాయం. ఇలా గుర్తించిన తోడేళ్లు మళ్లీ మళ్లీ ఎన్నిసార్లు దొరికాయన్నదాన్ని బట్టి, దొరకని వాటితో కలిపి మొత్తం సంఖ్యను అంచనా వేసే క్యాప్చర్-రీక్యాప్చర్ అనే గణిత మోడళ్లకు గణాంకశాస్త్రం, ఆర్ వంటి ప్రోగ్రామింగ్ భాష తెలిసి ఉండాలి.

ఈ శ్రమకు ఫలితం పెద్దదే. స్కాండినేవియాలో 1980లలో మొదలైన తోడేళ్ల సంతతి ఒకే కుటుంబంగా, పదిలోపు సంఖ్యలో ఉండిపోగా, 1990ల ఆరంభంలో బయటి నుంచి వచ్చిన ఒక్క మగ తోడేలు తర్వాతే అది పుంజుకుందని డీఎన్‌ఏ విశ్లేషణే చూపింది. జర్మనీలో 2010 నుంచి సెంకెన్‌బర్గ్ పరిశోధన సంస్థ ల్యాబ్ దేశవ్యాప్తంగా వచ్చే తోడేళ్ల నమూనాలను పరిశీలిస్తోంది. చనిపోయిన గొర్రెల గాయాల మీది లాలాజలం కూడా ఇలాంటి పరీక్షలకు వెళుతుంది. చంపింది తోడేలా, కుక్కా అన్న ఫలితం మీద పశువుల యజమానికి అందే పరిహారం ఆధారపడవచ్చు కాబట్టి, ల్యాబ్‌లో జరిగే పొరపాటు నేరుగా ఒక కుటుంబాన్ని తాకుతుంది. అయితే మలం నుంచి జంతువు వయసును నమ్మకంగా చెప్పడం ఇప్పటికీ కష్టమే; అటువంటి వివరాలకు కెమెరా ట్రాప్‌లు, పాదముద్రల పరిశీలన కూడా తోడు కావాలి.

ఉద్యోగాలు ప్రధానంగా విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ వన్యప్రాణి పరిశోధన సంస్థలు, ఫోరెన్సిక్ ల్యాబ్‌లలో ఉంటాయి. వీటిలో చాలావరకు ప్రాజెక్టు కాలానికే పరిమితమైనవి కాబట్టి, స్వతంత్రంగా పరిశోధన చేయాలంటే పీహెచ్‌డీ వరకు వెళ్లడానికి సిద్ధపడండి. తోడేళ్ల మీదే పట్టుబట్టకుండా ఎలుగుబంటి, చిరుత, ఏ జంతువు ప్రాజెక్టు దొరికినా చేరండి, పద్ధతులు చాలావరకు అవే. పీజీలో ప్రాజెక్టు కోసం ఒక ల్యాబ్‌ను ఎంచుకునే ముందు మూడు విషయాలు అడగండి: మలం నుంచి డీఎన్‌ఏ తీయడానికి, పీసీఆర్ గదికి దూరంగా వేరే గది ఉందా, బయటి డీఎన్‌ఏ కలిసిందేమో పట్టుకోవడానికి ప్రతి విడతలోనూ డీఎన్‌ఏ లేని ఖాళీ నమూనాను కూడా నడుపుతారా, ఒక నమూనాను ఎన్నిసార్లు తిరిగి పరీక్షిస్తారు. ఈ మూడింటికీ అక్కడివారు తడబడకుండా వివరంగా జవాబు చెబితే, ప్రసిద్ధి అంతగా లేకపోయినా ఆ ల్యాబ్‌లోనే చేరండి.