సమాధానం: ఆ నాక్సోస్ సీడీలు నకిలీవి కావు

మీ దగ్గరున్న పెట్టెలోని నాక్సోస్ (పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం సీడీల కంపెనీ) సీడీల మీద పేరుపొందిన కళాకారులెవరూ లేరు, ధర మరీ తక్కువ, నకిలీవేమో అని కదండీ మీ అనుమానం? పారేయకండి. 1987లో హాంకాంగ్‌లో క్లౌస్ హైమన్ నాక్సోస్ పెట్టిందే చవగ్గా అమ్మడానికి. పెద్ద స్టార్ల జోలికి పోకుండా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్ నగరాల కళాకారుల చేత వాయించి, రాయల్టీకి బదులు ఒకేసారి పారితోషికం ఇచ్చేవారు. ధర తగ్గింది అక్కడ.

సీడీ వెన్ను మీద 8.550తో మొదలయ్యే నంబరు ఉందేమో చూడండి; ఉంటే తొలినాళ్లది. అప్పటివన్నీ ఒకే స్థాయిలో ఉండవు, నిజమే. కానీ కొడాయ్ క్వార్టెట్ (నలుగురు తంత్రీవాద్యకారుల బృందం) వాయించిన హైడన్ అనే స్వరకర్త రచనలు మీ పెట్టెలో ఉంటే ముందు అదే వినండి. ఖరీదైన కంపెనీల సీడీల పక్కన ధైర్యంగా పెట్టొచ్చు. పియానో కళాకారుడు యెనో యాండో బేతోవెన్ పియానో సొనాటాలన్నీ వాయించింది కూడా నాక్సోస్‌కే. నాకు చాలా ఇష్టం.