గుండెకూ మనసుకూ నిజంగా సంబంధం ఉందా? మా పెద్దమ్మ విషయంలో నేను చూసింది

ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: గుండె రక్తాన్ని పంపు చేసే కండరమే కదా, మరి ప్రేమకీ ధైర్యానికీ మంచితనానికీ దాన్నే గుర్తుగా ఎందుకు పెట్టుకున్నాం? గుండె మార్పిడి చేయించుకున్నవాళ్ల స్వభావం మారుతుందా?

గుండె వట్టి పంపు అనే మాట ఈమధ్య చదువుకున్నవాళ్ల దగ్గర బాగా వింటున్నాను. నేను ఒప్పుకోను. దుఃఖం గుండె ఆకారాన్నే మార్చేయగలదు. కవిత్వం కోసం చెప్పడం లేదు, మా పెద్దమ్మ గుండెను ఆ స్థితిలో ఎకో (గుండె స్కానింగ్) తెర మీద చూశాను కాబట్టి చెప్తున్నాను.

మాది సికింద్రాబాద్, పద్మారావు నగర్. పెద్దనాన్న ఒక రాత్రి నిద్రలోనే పోయారు. బన్సీలాల్‌పేట శ్మశానంలో దహనం అయ్యాక మగవాళ్లు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుండగా లోపలి నుంచి కేకలు వినిపించాయి. పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖమంతా చెమట. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది, దవడ గుంజుతోంది అంటోంది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే మాట: "నిన్నటి నుంచి ఏం తినలేదు, గ్యాస్ పట్టింది." ఒకరు వాము నీళ్లు తెచ్చారు, ఇంకొకరు ఈనో కలిపారు. ఎవరో వీపు మీద రాస్తున్నారు.

దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టర్ బీపీ చూశారు. విషయం తెలుసుకుని, "భర్త పోయారు కదా, టెన్షన్. కొంచెం గ్యాస్ కూడా ఉంది" అని ఒక ఇంజెక్షన్ చేయించి, నిద్రమాత్ర రాసి, ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టమన్నారు. ఈసీజీ తీయలేదు. యాభై దాటిన మనిషి ఛాతీ బరువు, దవడ నొప్పి, చెమటలు అని చెప్తుంటే ఈసీజీ తీయలేదు! అదే మగవాడైతే మంచం ఎక్కకముందే తీసేవాళ్లని నా గట్టి నమ్మకం.

అప్పుడు మా వదిన అడ్డం నిలబడింది. ఈ వదిన గురించి కొంచెం చెప్పాలి. పెద్దనాన్న పోయినప్పటి నుంచి ఆవిడ కంట్లో నీళ్లు ఎవరూ చూడలేదు. ఫ్రీజర్ బాక్స్‌కి ఫోన్ చేసింది, అయ్యగారికి చెప్పింది, ఊరి నుంచి వచ్చినవాళ్లకి పక్కింటి మేడ మీద పడకలు వేయించింది, డెత్ సర్టిఫికెట్‌కి కావాలని ఆధార్ కార్డులు వెతికి పెట్టింది. "మామ పోతే ఒక్క చుక్క రాలలేదు, గుండెనా బండనా అది" అని మా బంధువు ఒకావిడ వరండాలో అనడం నా చెవులతో విన్నాను. ఆ బండ గుండె మనిషే డాక్టర్‌తో, "ఈసీజీ తీయండి సార్. తీసేదాకా మా అత్తమ్మను ఇక్కడి నుంచి కదలనీయను" అంది. అరవలేదు, బతిమాలలేదు. తీశారు. కాగితం చూసిన డాక్టర్ వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు.

ఆ అంబులెన్స్ ప్రయాణం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ముషీరాబాద్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోయింది. ముందున్నవాళ్లు పాపం పక్కకు జరుగుతున్నారు. కానీ మా వెనకాలే నాలుగైదు బైకులు తగులుకున్నాయి. అంబులెన్స్‌కి ఇచ్చిన దారిలో వీళ్లు సిగ్నల్ దాటేయడానికి. అది సందు కాదు, ఒక మనిషి ప్రాణం కోసం మిగతావాళ్లు వదిలిన చోటు. ఈ అలవాటు ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి మానేయండి.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేశారు. ట్రోపోనిన్ ఎక్కువ ఉంది, అంటే గుండె కండరం దెబ్బతింటోంది. హార్ట్ ఎటాక్ అనే అనుకుని యాంజియోగ్రామ్‌కి తీసుకెళ్లారు. స్టెంటు వేయాల్సి రావచ్చని అన్నతో సంతకాలు పెట్టించుకున్నారు. డబ్బు ఎక్కడి నుంచి తేవాలా అని మేం లెక్కలు వేసుకుంటుండగా కార్డియాలజిస్ట్ బయటికొచ్చి, "రక్తనాళాల్లో బ్లాకులు ఏమీ లేవు" అన్నారు. మాకేం అర్థం కాలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి ఎకో చూపించారు. ఎడమ వైపు కింది గది, ఒళ్లంతటికీ రక్తం పంపేది అదే. దాని పై భాగం గట్టిగా ముడుచుకుంటోంది. కింది కొన మాత్రం బుడగలా ఉబ్బి కదలకుండా ఉంది. పాత రిపోర్ట్ వెనక పెన్నుతో ఒక బొమ్మ గీశారు, సన్నటి మెడ, గుండ్రటి అడుగు ఉన్న కుండ. జపాన్‌లో ఆక్టోపస్‌లను పట్టడానికి సముద్రంలో వేసే కుండ అదట. 1990లో ఈ జబ్బును గుర్తించిన జపాన్ డాక్టర్లు ఆ కుండ పేరే దీనికి పెట్టారు, టాకోట్సుబో అని.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. తట్టుకోలేని దుఃఖమో భయమో వచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఒక్కసారిగా పొంగుతాయి. ఆ దెబ్బకు గుండె కండరంలో కొంత భాగం మొద్దుబారిపోతుంది. ఎక్కువగా నెలసరి ఆగిన వయసు ఆడవాళ్లకు వస్తుంది. అరుదుగా పట్టలేని సంతోషంతో కూడా రావచ్చు. వదిన అంతా విని, "అంటే మా అత్తమ్మ గుండె నిజంగనే పగిలింది అన్నట్టే కదా సార్" అంది. "అతుక్కుంటుందమ్మా, కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా మాత్రం జాగ్రత్తగా చూడాలి, ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది" అన్నారాయన. వదిన తలూపి, మమ్మల్ని క్యాంటీన్‌కి పంపి, మందుల చీటీ పట్టుకుని ఫార్మసీ వైపు వెళ్లిపోయింది.

కాబట్టి గుండెనే ఎందుకు గుర్తుగా పెట్టుకున్నారంటే నా జవాబు ఇదే. మనసులో ఏం జరిగినా ముందు జవాబిచ్చేది గుండే. లివర్‌కి భయమేస్తే మనకు తెలియదు. గుండె మాత్రం పరీక్ష రిజల్ట్ చూసేటప్పుడు, అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు ఛాతీలో దడదడమని చెప్తుంది. పాతకాలం వాళ్లు ఇది గమనించే ఉంటారు. ఈజిప్టు వాళ్లు మమ్మీ చేసేటప్పుడు మెదడును తీసి పారేసి గుండెను లోపలే ఉంచేవాళ్లు. చనిపోయాక దాన్ని సత్యదేవత ఈకతో తూస్తారని, పాపం చేసిన గుండె బరువు తూగుతుందని వాళ్ల నమ్మకం. అరిస్టాటిల్ అంతటివాడు కూడా ఆలోచనకు చోటు గుండే అన్నాడు. మన ఛాందోగ్య ఉపనిషత్తు హృదయంలోని చిన్న ఆకాశంలోనే భూమీ స్వర్గమూ అన్నీ ఉన్నాయంటుంది. హనుమంతుడు ఛాతీ చీల్చి సీతారాముల్ని చూపించే క్యాలెండర్ లేని ఇల్లు మా బస్తీలో తక్కువ. 1628లో విలియం హార్వే రక్తం ఒంట్లో ఎలా తిరుగుతుందో, దాన్ని గుండె ఎలా తోస్తుందో తేల్చి చెప్పాడు. అయినా గుండె గౌరవం ఏమీ తగ్గలేదు. తగ్గాల్సిన పనీ లేదు.

కానీ స్వభావం దగ్గరికొస్తే మాత్రం ఈ గుర్తు మనల్ని మోసం చేస్తుంది. ఏడిస్తే గుండె ఉన్నట్టు, ఏడవకపోతే లేనట్టు లెక్క వేస్తాం. ఆ రోజు గుండెలు బాదుకుని ఏడ్చినవాళ్లు మా ఇంట్లో చాలామంది ఉన్నారు. వాళ్ల దుఃఖం అబద్ధమని నేననను. కానీ వాళ్లు వాము నీళ్లతో ఆగిపోయారు. ఈసీజీ అడిగింది ఆవిడొక్కతే. ఈసీజీకి పట్టేది ఐదు నిమిషాలు, ఖర్చు కొన్ని వందలు. ఆడవాళ్లకు గుండె జబ్బు వస్తే ఛాతీ నొప్పితో పాటు దవడ, వీపు, ఆయాసం, వికారం లాంటివి కనిపించడం మగవాళ్లకంటే ఎక్కువ. అవన్నీ మన ఇళ్లలో గ్యాస్ లెక్కలోకే పోతాయి.

ఇక మార్పిడి సంగతి. 1967 డిసెంబర్ 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ మొదటిసారి మనిషి గుండెను మరో మనిషికి పెట్టాడు. ఆ రోగి 18 రోజులు బతికాడు. ఇప్పుడు మన హైదరాబాద్‌లోనే ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. 2025 జనవరి 17న ఎల్‌బీ నగర్ నుంచి లక్డీకాపూల్‌కి ఒక గుండెను మెట్రో రైల్లో, 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో తీసుకెళ్లారు. బయటికి తీసిన గుండెను నాలుగు గంటల్లోపు పెట్టేయాలి కాబట్టి ఆ పరుగు. గుండెను తీసేటప్పుడు దానికి వచ్చే నరాలన్నీ తెగిపోతాయి. కొత్త ఒంట్లో అది మామూలు కంటే కాస్త వేగంగా కొట్టుకుంటుంది. ఆ మనిషికి భయమేస్తే రక్తంలోకి అడ్రినలిన్ వచ్చేదాకా దానికి ఆ కబురు అందదు. అయినా అతను తన భార్యాబిడ్డల్ని ముందులాగే ప్రేమిస్తాడు. ఇచ్చినవాళ్ల ఇష్టాలూ కోపాలూ గుండెతో పాటు వచ్చేస్తాయనే వాట్సాప్ కథలు నేను నమ్మను. చావు దాకా వెళ్లొచ్చిన మనిషి, జీవితాంతం మందులు వాడాల్సిన మనిషి కొంచెం మారితే ఆశ్చర్యం ఏముంది?

పెద్దమ్మకు తర్వాత తీసిన ఎకో నార్మల్ వచ్చింది. వదిన అవయవదానానికి ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుంది. కార్డు ఒక్కటే ఉంటే చాలదు, సమయం వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. అందుకే అన్నతో, పెద్దమ్మతో ముందే మాట్లాడి పెట్టింది. పెద్దమ్మ మొదట వద్దే వద్దని కోప్పడింది. కొన్నాళ్లకు తనే పిలిచి, "నా పేరు కూడా రాయించు" అంది.