క్లబ్ బ్యాచ్, కేడెట్ బ్యాచ్

ప్రశ్న: దేశంలోనే ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో నేర్చుకుని, ఈమధ్యే ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా (కో పైలట్‌గా) చేరాను. ఎయిర్‌లైనే ఎంచుకుని శిక్షణ ఇప్పించే కేడెట్ ప్రోగ్రామ్‌వాళ్లు, అమెరికాలో నేర్చుకున్నవాళ్లు మమ్మల్ని చిన్నచూపు చూస్తారు. ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చిన కెప్టెన్ పక్కన కూర్చుంటే నోరు పెగలదు. ఏం చెయ్యాలి?
– ఓ పాఠకుడు, బరంపురం

జవాబు: చిన్నచూపు బాధిస్తుంది, నిజమే. కానీ నోరు పెగలకపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. ముందు దాని సంగతి చూద్దాం.

2010 మే 22న మంగళూరులో విమానం ఉండాల్సినదానికన్నా బాగా ఎత్తులో రన్‌వే మీదికి వచ్చింది. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) చేద్దామన్నారు. కెప్టెన్ వినకుండా దించేశారు. 158 మంది పోయారు. అంటే ఒక్క మాట అనేసి ఊరుకుంటే చాలదు.

దిగే ముందు బ్రీఫింగ్‌లోనే చెప్పెయ్యండి: "సర్, మేఘాల్లో అయితే 1000 అడుగుల దగ్గర, బయట స్పష్టంగా ఉంటే 500 దగ్గర స్థిరంగా లేకపోతే గో అరౌండ్ అంటాను." (స్థిరంగా అంటే స్పీడూ ఎత్తూ ఉండాల్సినట్టు ఉండడం.) అప్పుడు ఆ మాట వచ్చినా ఆయనకు ఎదిరింపులా తోచదు. ఆ తర్వాత తేడా కనిపిస్తే "స్పీడ్ ఎక్కువగా ఉంది సర్" అని నసగొద్దు, "స్పీడ్ ప్లస్ 20" (ఉండాల్సినదానికన్నా 20 నాట్లు ఎక్కువ) అనండి. ఉలుకూ పలుకూ లేకపోతే "కెప్టెన్, గో అరౌండ్" అనండి. అప్పటికీ కదలకపోతే కంట్రోల్ ఎప్పుడు తీసుకోవాలో మీ కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ పేజీ కంఠతా రావాలి.

ఇక బ్యాచ్‌ల గొడవ. ఎవరి అలవాట్లు వాళ్లకుంటాయి. ఫైటర్‌లో ఒంటరిగా ఎగిరినవారు అన్నీ తామే చేసేస్తారు, చెక్‌లిస్ట్‌కు మీకోసం ఆగడం కొత్తగా నేర్చుకోవాలి. కేడెట్లకు ఇద్దరు కలిసి పనిచేసే పద్ధతి మొదటినుంచీ వచ్చు. ముళ్ల మీటర్ల పాత సెస్నాలో నేర్చుకున్న మీకు కొత్త విమానాల తెరల మీద చూపు తిప్పడానికి సాధన కావాలి.

అమెరికాలో నేర్చుకున్నవారికి ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో గాలి ఒత్తిడిని అంగుళాల్లో పెట్టడం అలవాటు. అక్కడ మామూలు అంకె 29.92, ఇక్కడ హెక్టోపాస్కల్స్‌లో 1013. మీ గంజాం తీరంలో వాయుగుండం పట్టి క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో పెట్టాల్సిన అక్కడి గాలి ఒత్తిడి) 992 అన్నారనుకోండి. యూనిట్ మీట అంగుళాల మీదే ఉండిపోయి 992ని 29.92గా పెట్టేస్తే విమానం చూపించేదానికన్నా దాదాపు 600 అడుగులు కింద ఉంటుంది. మీటరులో మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది! దాన్ని పట్టుకోవాల్సింది పక్క సీటువాళ్లు. వాళ్లతో మాటలు లేకపోతే ఎవరు పట్టుకుంటారు?

"క్లబ్" అన్నవాడితో వాదన వద్దు. సిమ్యులేటర్‌కు ముందు ఓ గంట కలిసి కాలౌట్లు (ఎగిరేటప్పుడు పైకి అనే అంకెలు, హెచ్చరికలు) చెప్పుకుందాం రమ్మనండి.

ప్రశ్న: అమ్మాయి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదువుతోంది. రేపు ఎవరూ తక్కువగా చూడకుండా ఎక్కడ చేర్పించాలి?
– ఓ తల్లి, సిరొంచ

జవాబు: ముందు క్లాస్ 1 మెడికల్ (పైలట్ల వైద్యపరీక్ష) చేయించండమ్మా, ఫీజు తర్వాత. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే అక్కడే తెలిసిపోతుంది. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి, అందులో 100 విమానం బాధ్యత తనదే అయిన పైలట్‌గా. గోందియా ఫ్లయింగ్ స్కూల్ అయినా విదేశమైనా ఇవి అడగండి: ఇప్పుడు ఎగురుతున్న విమానాలెన్ని? ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది? పోయిన బ్యాచ్ 200 గంటలు ఎన్ని నెలల్లో పూర్తిచేసింది? వానాకాలంలో నెలకు ఎన్ని గంటలు? విదేశీ లైసెన్స్ అయితే ఇక్కడికొచ్చాక మళ్లీ మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షలు రాసి మార్పించుకోవాలి, ఆ ఖర్చూ కాలమూ లెక్కలో వేసుకోండి. డబ్బు మొత్తం ఒకేసారి కట్టకండి, ఎగిరిన గంటలనుబట్టి విడతలుగా కట్టండి.