తెల్లబట్టకి గర్భసంచి తీయించే ముందు

ఒడిశా గుణుపురంలో ఉన్న మీ అత్తయ్యకి 44 ఏళ్లు, ఏడాదిగా వాసనతో తెల్లబట్ట. "క్యాన్సర్ కావచ్చు, సంచి తీసేస్తే సరి" అన్నారట. మనవైపు ఆడవాళ్లకి ఇది అంత ఎక్కువా అని అడిగారు.

ఎక్కువేనండి. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 6 లక్షల 60 వేల మందికి గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ వచ్చింది, 3 లక్షల 50 వేల మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో 100కి 94 మంది పేద, మధ్యాదాయ దేశాలవాళ్లే. మన దేశంలోనే లక్షా 27 వేల దాకా కొత్త కేసులు. దీనికి మూలమైన హెచ్‌పీవీ వైరస్ ధనిక దేశాల్లోనూ ఉంది. అది సోకి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15–20 ఏళ్లు పడుతుంది, ఆ మధ్యలో చూసి ఆపేస్తారు అక్కడ. ఇక్కడ చూసేవాళ్లు లేరు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ కోసం చేసే పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 100కి ఇద్దరు కూడా లేరు.

సంచి సంగతి. తెల్లబట్ట చాలామందిలో ఇన్‌ఫెక్షనే, మందులతో తగ్గుతుంది. నిజంగా క్యాన్సరే ఉంటే, పరీక్ష లేకుండా చేసే మామూలు ఆపరేషన్ ఇంకా చేటు. క్యాన్సర్‌కి చేసే ఆపరేషన్ చుట్టూ కండతో సహా తీసేది, వేరు. ముదిరితే ఆపరేషనే ఉండదు, రేడియేషన్, కీమో ఇస్తారు. సగం తీసి వదిలేస్తే ఆ తర్వాత చాలామందికి రేడియేషన్ తప్పదు. కాబట్టి ముందు స్పెక్యులమ్ (ముఖద్వారం కనిపించేలా యోనిని తెరిచి ఉంచే పరికరం) పెట్టి చూడమనండి. పుండో గడ్డో కనిపించినా, భర్తతో కలిసిన తర్వాత రక్తం పడుతున్నా, ముట్టు ఆగాక మళ్లీ రక్తం కనిపించినా నేరుగా ముక్క తీసి బయాప్సీకి పంపాలి.

అవేమీ లేకపోతే వీఐఏ పరీక్ష, అంటే ముఖద్వారానికి ఎసిటిక్ ఆమ్లం అద్ది కంటితో చూసేది. 30–65 ఏళ్లవాళ్లకి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ ద్వారా అయిదేళ్లకోసారి ఉచితం, ఆశా దీదీని అడగండి. ముట్టు రోజుల్లో వద్దు. పరీక్షకి ముందు రెండు రోజులు లోపల మందు పెట్టకూడదు, కలవకూడదు. పరీక్ష చేసేవాళ్లు 5 మిల్లీలీటర్ల గాఢ ఎసిటిక్ ఆమ్లాన్ని 95 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి దూదితో అద్ది, పూర్తిగా ఒక నిమిషం ఆగి చూడాలి. గట్టి అంచుతో చిక్కటి తెల్లమచ్చ వస్తే పాజిటివ్. తప్పులు జరిగేది ఇక్కడే: నిన్నటి ద్రావణం, నిమిషం ఆగకపోవడం, పసుపు టార్చి వెలుతురు. 50 దాటినవాళ్లలో చూడాల్సిన చోటు లోపలికి జరిగిపోతుంది, వాళ్లకి హెచ్‌పీవీ పరీక్షే నయం. మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా 30 వేల మందికి పైగా ఆడవాళ్లపై జరిపి 2009లో ప్రకటించిన అధ్యయనంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్షతోనే మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అదే వీఐఏ ఒక్కసారికి అంత ఫలితం ఇవ్వలేదు. నెగెటివ్ వచ్చిందని ఊరుకోకండి, అయిదేళ్లకి మళ్లీ చేయించుకోవాలి.

పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు. మచ్చ చిన్నదైతే 100 డిగ్రీల వేడి పరికరంతో అర నిమిషంలోపే కాల్చేస్తారు, కోత లేదు. కొన్ని వారాలు నీరు పోతుంది, ఒక నెల కలవకూడదు.

ఇంట్లో 9–14 ఏళ్ల ఆడపిల్లలుంటే హెచ్‌పీవీ టీకా గురించి అడగండి.

బయాప్సీ చేయించాల్సి వస్తే రిపోర్టుతో పాటు స్లైడులు, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు కూడా అడిగి తెచ్చుకోండి. పెద్దాసుపత్రిలో మళ్లీ ముక్క తీసే పని తప్పుతుంది. ఆయుష్మాన్ కార్డు జాబితాలో ఉన్న విశాఖ ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది, బరంపురమే వెళ్లాలని లేదు.