కదిలే పిల్లలకు కుదురైన చోటు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రెండో తరగతిలో నలుగురైదుగురు పిల్లలు పది నిమిషాలైనా ఒకచోట కూర్చోలేకపోతున్నారనీ, వారిని కూర్చోబెట్టడంతోనే నీ పీరియడ్ గడిచిపోతోందనీ రాశావు. ముందుగా వారి పాదాలను చూడు. బెంచీ, రాసే బల్ల కలిసి ఉండే డ్యూయల్ డెస్కు ఎత్తు ఎక్కువైతే ఏడేళ్ల పిల్లల కాళ్లు నేలకు ఆనవు. కాళ్లు వేలాడుతుంటే నడుముకు ఊతం దొరకదు కనుక పిల్లవాడు ముందుకు జారతాడు, మోకాలు బెంచీ మీదికి ముడుచుకుంటాడు, చివరికి లేచి నిలబడతాడు. దానికి మనం అల్లరి అని పేరు పెడతాం. పాదాల కింద కదలని చెక్క పెట్టి, రాసే బల్ల మోచేతి ఎత్తుకు సరిపోయిందో లేదో చూసుకో. కొందరికి ఇంతమాత్రమే చాలుతుంది.

మిగిలినవారికి కదలిక నిజంగానే అవసరం. అటువంటి పిల్లవాడిని కదలవద్దంటే వాడి శ్రద్ధ అంతా కదలకుండా ఉండటం మీదే ఖర్చయిపోతుంది, లెక్క మీదికి రాదు. అందుకని గదిలో రెండు మూడు రకాల చోట్లు ఏర్పరచు. వెనుక గోడ దగ్గర ఒక చాప పరిచి, ఒడిలో పెట్టుకుని రాసుకోవడానికి పరీక్ష అట్టలు ఇవ్వు. పక్క గోడను ఆనుకుని, ఇతరులకు నల్లబల్ల కనబడకుండా అడ్డు రాని విధంగా, నిలబడి రాసుకోవడానికి పిల్లల మోచేతి ఎత్తు బల్ల ఒకటి వెయ్యి. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ వారి గ్రామీణ పాఠశాలల్లో ఒకే గదిలో వేర్వేరు స్థాయుల పిల్లలు గుంపులుగా కూర్చుని ఎవరి పని వారు చేసుకుంటారు. కనుక వరుసలు లేకపోతే చదువు సాగదన్న భయం అక్కరలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇక చెబుతున్నాను. మన బడుల్లో నిలబెట్టడం, బెంచీ ఎక్కించడం, గోడకుర్చీ వేయించడం తరతరాలుగా శిక్షలు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధించినా, నిలబడినవాడు తప్పు చేసినవాడేనన్న భావన పిల్లల మనసుల్లోంచి పోలేదు. నేను తొలిసారి ఈ ప్రయత్నం చేసినప్పుడు, బాగా కదిలే ఒక పిల్లవాడిని మాత్రమే కిటికీ పక్క బల్ల దగ్గరికి పంపాను. వారం తిరగకుండానే తరగతి దానికి ‘అల్లరి బల్ల’ అని పేరు పెట్టింది, వాడు బడికి రావడం మానేశాడు. వాళ్లమ్మ వచ్చి, మా వాడినొక్కడినే ఎందుకు వేరు చేశారని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ బాధ ఇప్పటికీ నన్ను వదలలేదు. అందుచేత మొదటి వారం అన్ని చోట్లకూ అందరినీ వంతులవారీగా పంపు. బాగా చదివే పిల్లలు కూడా ఆ బల్ల దగ్గర నిలబడి రాయాలి. ఒక్క పిల్లవాడినే నేలమీద కూర్చోబెడితే తల్లిదండ్రులు దాన్ని అవమానంగా తీసుకుంటారు, అందులో వారి తప్పేమీ లేదు. మొదలుపెట్టకముందే వారిని పిలిచి గది చూపించు, ప్రధానోపాధ్యాయులకూ చెప్పు.

ఒక్కరోజులో గదంతా మార్చవద్దు. రాత పని, చదువుకునే పని ఉన్న పీరియడ్లలోనే ఎవరి చోటు వారిని ఎంచుకోనివ్వు. నువ్వు నల్లబల్ల మీద పాఠం చెబుతున్నప్పుడు అందరూ నీ వైపు తిరిగి ఉండాలి. చోటు పీరియడ్ మొదట్లోనే ఎంచుకోవాలి, మధ్యలో మారకూడదు. పక్కవారికి ఇబ్బంది కలిగిస్తే కోప్పడకుండా ఆ పూటకు బెంచీకి పంపు, మర్నాడు మళ్లీ అవకాశమివ్వు. చూపు, వినికిడి తక్కువగా ఉన్న పిల్లలకు మాత్రం ముందు చోటు ఎప్పుడూ తప్పకూడదు. ఎవరు ఎక్కడ ఉన్నప్పుడు ఎన్ని లెక్కలు పూర్తిచేశారో రోజూ రాసిపెట్టుకో. పిల్లవాడికి నచ్చిన చోటు, వాడి పని సాగే చోటు వేరువేరు కావచ్చు.

బెంచీ వదిలి రావడానికి ఇష్టపడని పిల్లల కోసం, డెస్కు ముందుకాళ్లకు అడ్డంగా పాత సైకిల్ ట్యూబు బిగించు. చప్పుడు కాకుండా పాదాలతో దాన్ని నొక్కుతూ రాసుకుంటారు. పంక్చర్ షాపులో అడిగితే పాతవి ఇస్తారు. మరకలు యూనిఫారాలకు అంటకుండా కడిగి ఆరబెట్టి కట్టు.

ఇట్లు,
నీ పెద్దమ్మ