వంద రూపాయల కోత: ఒక యువ రచయిత్రికి ఉత్తరం

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. నెహ్రూ కాలపు ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి పార్లమెంటు ప్రసంగాల మీద నలభై రెండు పేజీలు. పదకొండో పేజీ దాకా బాగానే నడిచాను. అక్కడ ఈ వాక్యం తగిలింది: "కోట్ల రూపాయల పద్దులో ఒక సభ్యుడు వంద రూపాయలు తగ్గించాలని తీర్మానం పెట్టడం హాస్యాస్పదం. మంత్రి స్థాయికీ ప్రతిపక్షం స్థాయికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది."

కాగితాలు పక్కన పెట్టి, కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కోపంతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

అమ్మా, ఆ సభ్యుడికి లెక్కలు రాక వంద అడగలేదు. శాఖల ఖర్చుకు సభను డబ్బు అడిగే పద్దుల మీద చర్చ జరిగేటప్పుడు కోత తీర్మానాలు మూడు రకాలుగా వస్తాయి. ప్రభుత్వ విధానమే తప్పంటే మొత్తం పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటారు. దుబారా ఉందనుకుంటే ఫలానా మొత్తం తగ్గించమంటారు. ఒక ప్రత్యేకమైన ఫిర్యాదు సభ చెవిన వెయ్యాలంటే వంద రూపాయలు తగ్గించమంటారు. ఆ వంద ఉత్త లాంఛనం. అది మాట్లాడే హక్కుకి కట్టే టికెట్టు లాంటిది. ఆ టికెట్టు పట్టుకుని లేచిన మనిషి ఏ ఊరి నేతగాళ్ల గోడు చెప్పాడో, ఏ లైసెన్సు ఎవరికి అందలేదన్నాడో నువ్వు రాయలేదు. టికెట్టు ధర చూసి నవ్వి ముందుకెళ్లిపోయావు.

ఇలాంటిదే ఇరవై మూడో పేజీలో ఇంకొకటి: "ఆ సాయంత్రం సభ మిగిలిన పద్దులన్నింటినీ ఒక్క మాట ఎదురు లేకుండా ఆమోదించింది. ఆయన మీద సభకున్న నమ్మకం అంతటిది." అది నమ్మకం కాదు, గడియారం. చర్చకు కేటాయించిన రోజులు అయిపోతే, ఆఖరి రోజు స్పీకరు మిగిలిన పద్దులన్నీ కట్టకట్టి ఓటుకు పెడతారు. దాన్ని గిలెటిన్ అంటారు. ఎదురు మాట లేకపోవడానికి కారణం, మాట్లాడే వేళ దాటిపోవడం.

ఈ రెండు తప్పులూ తెలియక చేసినవి, దిద్దుకుంటే పోతాయి. వాటి కింద ఉన్న అలవాటు మాత్రం దిద్దుబాటుతో పోయేది కాదు. నువ్వు మంత్రి మాట్లాడింది చదివావు గానీ, మంత్రిని అడిగింది చదవలేదు.

ముప్పై ఏళ్లుగా నేను అరిచి చెబుతున్న మాట ఇదొక్కటే. విన్నవాళ్లు తక్కువ. బడ్జెట్ ప్రసంగం మంత్రి రాసేది కాదు. ఆర్థిక శాఖ అధికారులు నెలల తరబడి వండుతారు, మంత్రి ఉప్పు సరిచూస్తారు, సభలో వడ్డిస్తారు. కొందరు మధ్యలో ఒక పద్యమో కొటేషనో చల్లుతారు, మర్నాడు పత్రికలన్నీ దాని మీదే పడతాయి. మంత్రి అసలు గొంతు వినాలంటే చర్చ చివర ఆయన ఇచ్చే జవాబు చదవాలి. ఎవరి ప్రశ్నకు సూటిగా చెప్పారు, ఎవరిది దాటవేశారు, ఎవరి పేరెత్తగానే వాక్యం పొడవు పెరిగింది? మనిషి అక్కడ దొరుకుతాడు. ప్రశ్నోత్తరాల గంట ఇంకా మేలు. రాసుకొచ్చిన జవాబు చదివేశాక అనుబంధ ప్రశ్న పడుతుంది చూడు, అప్పుడు చేతిలో కాగితం ఉండదు.

నువ్వు ఏ సంపుటాలు చూశావో నాకు తెలిసిపోయింది. మొదట్లో లోక్‌సభ చర్చల్ని రెండు భాగాలుగా అచ్చువేసేవారు. మొదటి భాగంలో ప్రశ్నలూ జవాబులూ, రెండో భాగంలో మిగతా కార్యకలాపాలు. పేజీకి రెండు నిలువు వరుసలు, అంకె పేజీకి కాదు, వరుసకి వేసేవారు. పేజీల అడుగున నువ్విచ్చిన అధోజ్ఞాపికలన్నీ ఆ మిగతా కార్యకలాపాలవే. ప్రశ్నలూ జవాబులూ నువ్వు ముట్టుకోలేదు.

ముట్టుకోకపోతే ఏం పోయిందో చెప్తాను. ముప్పై ఒకటో పేజీలో రాశావు కదా, "గణాంకాలతో ప్రతిపక్షం నోరు మూయించిన మేధావి" అని. ఆ తర్వాతి పేరాలోనే "1958లో ఒక వివాదం కారణంగా పదవి వీడారు" అని ఏకవాక్యంతో తేల్చేశావు. ఆ వివాదమే నీ వ్యాసానికి గుండెకాయ కావాల్సింది.

జీవిత బీమాను 1956లో జాతీయం చేశారు. దాని వెనక కూడా సభలో లేచిన గొంతు ఒకటుంది. 1955 డిసెంబరులో రాయబరేలీ ప్రాంతం నుంచి ఎన్నికైన ఫిరోజ్ గాంధీ ప్రైవేటు బీమా కంపెనీలు పాలసీదారుల సొమ్ముతో ఏం చేస్తున్నాయో విప్పి చెప్పారు. అప్పుడు ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్. ఆయన 1956లో రాజీనామా చేశాక వాణిజ్య, పరిశ్రమల శాఖ చూస్తున్న కృష్ణమాచారి ఆ కుర్చీలోకి వచ్చారు. 1957 జూన్‌లో కొత్త బీమా సంస్థ కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలు కొన్నది, దాదాపు కోటీ పాతిక లక్షలు పెట్టి. ఇది బయటపడింది ఎక్కడ? నువ్వు ముట్టుకోని ప్రశ్నల గంటలో. ముందు ఒక మామూలు ప్రశ్న, దానికో పొడి జవాబు. ఆ పొడి జవాబే ఇంకో ప్రశ్నను పిలిచింది. డిసెంబరు 16న అదే ఫిరోజ్ గాంధీ లేచి పూర్తి చర్చ నడిపారు.

ఇప్పుడు నీ వాక్యం మళ్లీ చదువు. ప్రతిపక్షం నోరు మూయించారన్నావు. ఫిరోజ్ గాంధీ ప్రతిపక్షం కాదు. కాంగ్రెస్ సభ్యుడు, పైగా ప్రధాని అల్లుడు. మంత్రి కూర్చున్న వైపునే వెనక వరుసల్లోంచి వచ్చిన ప్రశ్న అది. 1958 జనవరిలో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ఏకసభ్య కమిషన్‌గా బహిరంగ విచారణ జరిపారు. కొనుగోలు తన ఆమోదంతో జరగలేదని మంత్రి వాదన. శాఖ కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగపరంగా మంత్రిదే బాధ్యత, తనకు తెలియదని తప్పుకోవడానికి లేదని చాగ్లా తేల్చారు. ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆ నెలాఖరున బడ్జెట్ చదవాల్సిన పని నెహ్రూ మీద పడింది. (ఆ కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ 1977లో తానే ఆర్థికమంత్రి అయి అదే సభలో బడ్జెట్ చదివారు. దీని మీద ఎవరూ నాటకం రాయలేదెందుకో!)

ఒక మంత్రి పార్లమెంటు జీవితం గురించి రాస్తూ, ఆ మంత్రిని కుర్చీ దించిన ప్రశ్నను వదిలేయడం ఎలా కుదిరిందమ్మా నీకు? ఆయన్ని తగ్గించమని నేననడం లేదు. ఆయన పెద్ద మనిషే. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో ఏడుగురున్నారనీ, ఒకరు రాజీనామా చేశారు, ఒకరు పోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, చివరికి భారమంతా అంబేడ్కర్ మీదే పడిందనీ 1948 నవంబరులో రాజ్యాంగసభలో లేచి చెప్పింది ఈయనే. తానూ ఆ సంఘంలో పనిచేసిన మనిషి. అంత నిక్కచ్చి మనిషి తన వంతు వచ్చినప్పుడు ఎలా జవాబిచ్చారన్నది కథ కాదా?

నీకు ఇంతలా చీవాట్లు పెట్టే అర్హత నాకు ఎలా వచ్చిందంటే, నేనూ ఇదే గోతిలో పడ్డాను. నీ వయసులో ఒక పత్రికకు ఇలాంటి వ్యాసమే రాశాను. గ్రంథాలయంలో సంపుటం బయటికి ఇచ్చేవారు కాదు. జిరాక్స్ నా స్తోమత కాదు. కార్బన్ కాగితం పెట్టుకుని, ఉదయం తలుపు తీసినప్పటి నుంచి మూసేదాకా చేత్తో ఎత్తి రాసుకున్నాను. ఎవరు ఎక్కడ అడ్డం వచ్చారో, మంత్రి ఎక్కడ ఆగారో అన్నీ ఎక్కించాను. ఆ వ్యాసం అచ్చయి వచ్చాక చూస్తే, అడ్డం వచ్చిన వాళ్లంతా మాయం. సంపాదకుడు గారు వాళ్లని ఏరేసి "మంత్రి మాట్లాడుతూ" అని కలిపి కుట్టేశారు. పైన నేను పెట్టిన శీర్షిక తీసేసి "ఆర్థిక భీష్ముడు" అని వేశారు. ఆ భీష్ముణ్ణి నేను ఈ జన్మకి క్షమించలేను. వెళ్లి అడిగితే, "పాఠకుడికి హీరో కావాలయ్యా, రచ్చ ఎందుకు" అన్నారు. ఇప్పుడు పత్రికలు మారాయి, కాగితం పోయి తెర వచ్చింది, భీష్ముళ్లు మాత్రం పోలేదు. "దార్శనికుడు", "అపర చాణక్యుడు", "సంస్కరణల శిల్పి". నీ వ్యాసంలో చాణక్యుడు మూడుసార్లు వచ్చాడు. లెక్కపెట్టాను.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. అదే వ్యాసంలో ఒక చోట లక్షలకి బదులు కోట్లు ఎత్తి రాశాను. ఒక పాఠకుడు కార్డు ముక్క మీద సంపుటం, వరుస అంకె వేసి మరీ పంపాడు. సవరణ వెయ్యమని సంపాదకుణ్ణి బతిమాలాను. పత్రిక పరువు పోతుందన్నారు. సభలో మంత్రి తన జవాబులో తప్పు దొర్లిందని తెలిస్తే లేచి సరిచేస్తూ ప్రకటన చేస్తారు, అదీ రికార్డుకెక్కుతుంది. దేశం పరువు పోని పనికి ఆ పత్రిక పరువు పోతుందట.

అంకెల మాట వచ్చింది కాబట్టి నీ పదహారో పేజీ. ఖాదీ, చేనేతల అభివృద్ధి కోసం 1953లో మిల్లు బట్ట మీద గజానికి మూడు పైల అదనపు సుంకం వేశారు. అప్పటికి వాణిజ్య శాఖ ఈయనదే. నువ్వు దాన్ని "మూడు పైసలు" చేశావు. పై వేరు, పైసా వేరు. అణాకి పన్నెండు పైలు, రూపాయికి పదహారు అణాలు. మూడు పైలంటే మన పెద్దవాళ్లు కానీ అనే నాణెం, రూపాయిలో అరవై నాలుగో వంతు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ఆ లెక్కన మూడు పైలు ఒకటిన్నర పైసాకి కాస్త ఎక్కువ. నువ్వు ఒక్క అక్షరంతో మిల్లు యజమాని నెత్తిన సుంకం దాదాపు రెట్టింపు చేశావు. ఇంతా చేసి కానీ అనే మాట తెలుగులో ఉంది, నీ పాఠకుల ఇళ్లలో ముసలివాళ్ల నోట ఇంకా ఉంది. ఆ మాట వేస్తే చాలు, సుంకం ఎంత చిన్నదో, దానికి ఎంత గొడవ జరిగిందో ఒక్కసారిగా అందుతుంది.

ఆర్థిక బిల్లునీ ద్రవ్య వినిమయ బిల్లునీ ఒకే పేరాలో కలిపేశావు. మొదటిది పన్నుల సంగతి, రెండోది ప్రభుత్వ ఖజానా అయిన సంచిత నిధిలోంచి డబ్బు తీసే అనుమతి. విడగొట్టు. ఇంతకంటే దీని మీద చెప్పేదేం లేదు.

బాగున్నది కూడా ఒకటుంది. వ్యయ పన్ను కథ. 1957లో కృష్ణమాచారి తెచ్చింది, 1962లో మొరార్జీ దేశాయ్ ఎత్తేసింది, మళ్లీ ఆర్థికమంత్రి అయ్యాక 1964లో ఈయనే తిరిగి తెచ్చింది, 1966లో సచీంద్ర చౌదురి మళ్లీ ఎత్తేసింది. ఆ నాలుగు తేదీల్నీ పక్కపక్కన పెట్టి, ఒక్క విశేషణం కూడా వాడకుండా వదిలేశావు. ఒక మనిషి పట్టుదల అందులో కనబడింది. ఆ పేజీ రాసింది నువ్వేనా అని మళ్లీ పేరు చూసుకున్నాను.

నీ ఉత్తరంలో ఇంకా చాలా అడిగావు. ఏ పత్రికకు పంపాలి, పుస్తకంగా వేస్తే ముందుమాట రాస్తానా, పరిశోధనకు పనికొస్తుందా అని. వాటికి ఇప్పుడు జవాబు లేదు.

రాతప్రతి వెనక్కి పంపుతున్నాను. పెన్సిలుతో గీసినవి నావి, టీ మరక కూడా నాదే. 1957 సంపుటాల్లో ప్రశ్నల గంట తెప్పించుకో, పార్లమెంటు డిజిటల్ గ్రంథాలయంలో పాత చర్చలు దొరుకుతున్నాయి, నాలాగా కార్బన్ కాగితం అక్కర్లేదు. మొత్తం వ్యాసం ఇప్పుడే తిరగరాయకు. ముందు ఆ వంద రూపాయల పేరా ఒక్కటి రాసి పంపు. ఆ సభ్యుడి పేరు, పక్కన బ్రాకెట్లో అచ్చయిన నియోజకవర్గం, ఆయన ఏం అడిగాడో, మంత్రి దానికి ఏమన్నారో. ఏమీ అనకపోతే, అనలేదనే రాయి.

ఆశీస్సులతో.